డప్పు కొట్టమన్నది నేనే

సాయిలు తప్పు చేయలేదు.

ఈ మూడు మాటలు నా గొంతులో ఎంతకాలంగా ఉన్నాయో మీకు ఎలా చెప్పను? మింగితే దిగలేదు, కక్కితే రాలేదు. పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, ఉద్యోగం చేశాను, నలుగురితో కలిసి నవ్వాను. అన్నీ వీటిని గొంతులో పెట్టుకునే చేశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు ఒకసారి చెప్పి చూశాను. అది ఏమైందో కూడా రాస్తాను.

ఏడుస్తూ రాస్తున్నానని అనుకోవద్దు. కోపంతో రాస్తున్నాను. ఆ కోపంలో పెద్ద వాటా నామీదే. మిగిలింది ఎవరిమీదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నేను జిల్లా పట్నంలో ఫైర్ స్టేషన్‌లో టెలిఫోన్ దగ్గర కూర్చుంటాను. పక్కనే పోలీసు ఠాణా. రెండింటికీ కలిపి నా బల్లమీదే ఫోన్ మోగుతుంది. ఎక్కడ కొట్టం అంటుకున్నా, ఎక్కడ కొట్లాట జరిగినా ముందు నాకే తెలియాలి. ఏది పంపాలో నేను చెబితే అది కదులుతుంది. ఎరుపు బండా, పోలీసు జీపా, రెండూనా? అవతల మనిషి అరుస్తూనే ఉంటాడు. నేను అడుగుతూనే ఉంటాను. మంట ఎక్కడుంది? మనుషులు ఎక్కడున్నారు? అటు వెళ్లే దారిలో ఏముంది? నువ్వు చూసినవా, ఎవరన్నా చెప్పిండ్రా?

"సారుకు అన్నీ కావాలె. మంట ఏ నక్షత్రంల పుట్టిందో గూడ అడుగుతడు" అని మా డ్రైవర్ నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఈ ఉద్యోగం నాకు ఎలా వచ్చిందో అతనికి తెలియదు. పోలీసు చర్య తర్వాత ఒక పెద్దమనిషి నా గురించి సిఫారసు చేశాడు. పోరాటం రోజుల్లో ఊరికి కాపలా కాసిన మనిషి, నమ్మకస్తుడు అన్నాడు. ఆ మాట విని నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు. నా బతుకంతా నా సిగ్గును వినయం అనుకున్నవాళ్ల మధ్యే గడిచింది.

మా ఊరు మోత్కూరు దిక్కు ఉంటుంది. పేరు రాయను. ఆ ఊరివాళ్లకు పేరు అక్కర్లేదు, చదవగానే తెలుస్తుంది. ఊరి నడుమ పాత బురుజు ఉంది. పైకి ఎక్కితే అటు వాగు దాకా, ఇటు గుట్ట దాకా కనబడుతుంది. దొరలకూ నిజాం సర్కారుకూ ఎదురు నిలబడి సంఘం పెట్టిన కొత్తలో మేము ఒక కట్టుబాటు చేసుకున్నాం. పొద్దంతా బురుజు పైన ఒక మనిషి నిలబడి చూస్తూ ఉండాలి. కింద, మెట్లు మలుపు తిరిగే చోట, సాయిలు కూర్చోవాలి. అతని దగ్గర డప్పు ఒకటి, ఇత్తడి కొమ్ము ఒకటి.

మంట కనబడితే డప్పు. అది వినబడగానే చెల్కల్లో ఉన్నవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలి, కుండో బిందో చేతపట్టుకుని ఊళ్లోకి ఉరకాలి. సర్కారు పోలీసుల లారీ కనబడితే కొమ్ము. అది వినబడగానే ఊళ్లో ఉన్న మగవాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి గుట్టకు ఉరకాలి. డప్పు లోపలికి పిలుస్తుంది. కొమ్ము బయటికి పంపుతుంది. చిన్నపిల్లలకు కూడా ఆ తేడా తెలుసు. పైన చూసేవాడు ఏది చెబితే సాయిలు అది మోగించాలి. అతను కూర్చునే చోటి నుంచి గోడ తప్ప ఏమీ కనబడదు.

అలా ఎందుకు పెట్టుకున్నామని ఇప్పుడు నన్ను నేను అడుగుతుంటాను. సాయిలు చూపు మాకంటే తక్కువా? కాదు. చెవి అయితే మా అందరికంటే ఎక్కువ. పైన నిలబడడానికి మేము రైతుబిడ్డలం వంతులు వేసుకున్నాం. సాయిలుకు వంతు వేయలేదు. అందరూ సమానమని పాటలు కట్టిన ఊరు మాది. బాంచెన్ అనే మాట వద్దని, దొర అనే పిలుపు వద్దని, అందరూ అన్నా అనుకోవాలని తీర్మానించిన ఊరు మాది. పైమెట్టు మాత్రం మాకే.

"పటేలా అని పిలవకు సాయిలూ, అన్నా అనాలె" అని నేనే ఒకసారి చెప్పాను. అతను డప్పును ఎండలో పెడుతూ పకపకా నవ్వాడు.

"నువ్వు మా నర్సిం ఈడోనివి. నిన్ను అన్నా అంటే మా లచ్చవ్వ నాకు అన్నం బెడ్తదా పటేలా?"

నర్సిం అతని ఒక్క కొడుకు. మా ఇంట్లో జీతం ఉండేవాడు. సంఘం వచ్చాక వెట్టి పోయింది కాబట్టి కూలి తీసుకుని చేసేవాడు. మా ఎడ్లు నా మాట వినేవి కావు. నర్సిం గొంతు వింటే చెవులు నిక్కబొడిచేవి.

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం. నా వంతు. పొద్దు నడినెత్తి మీద నుంచి కాస్త వాలింది. ఇంతవరకు చెప్పడం తేలిక. ఇక్కడి నుంచి చేయి ఆగుతోంది.

మా ఇంటి వెనక పొగ లేచింది. మొదట పొయ్యి పొగ అనుకున్నాను. తర్వాత అది నల్లబడింది. మా గడ్డివాము. దానికి ఆనుకుని కొట్టం, కొట్టంలో మా ఎడ్లు. ఆ మంట ఎవరూ పెట్టింది కాదు. మా అమ్మ పొయ్యిలోని బూడిద తీసుకెళ్లి పెంటమీద పోసింది, అందులో నిప్పు ఉంది, గాలి ఉంది. అమ్మ ఈ సంగతి చనిపోయేముందు నాకు చెప్పింది, భయపడుతూ. నేను ఆమెతో కూడా నిజం చెప్పలేదు.

సాయిలును పిలవబోతూ తల తిప్పాను. వాగు అవతల దుమ్ము లేస్తోంది.

ఇక్కడ నన్ను నేను తప్పించుకోనివ్వను. ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, అది ఎడ్లబండి దుమ్ము అనుకున్నానని. అబద్ధం. బండి దుమ్ము బండి వెంటే పాకుతుంది. లారీ దుమ్ము తాడిచెట్టంత లేస్తుంది. నేను చూశాను. అది లారీ అని నాకు తెలుసు. తెలిసి నిలబడ్డాను.

ఏం ఆలోచించాను? ఆలోచించాను, అదే నా పాపం. భయంతో మతి పోయి ఉంటే ఈరోజు ఇలా రాసేవాణ్ణి కాదేమో. వాగులో ఇసుక ఉంది, లారీ దిగబడుతుంది, వాళ్లు దిగి నెట్టేలోపు మనవాళ్లు వచ్చి ఎడ్లను విడిపిస్తారు, ఆ తర్వాత కొమ్ము ఊదిస్తే అందరూ గుట్టెక్కుతారు అని లెక్క వేసుకున్నాను. ముందు డప్పు, తర్వాత కొమ్ము. ఊరు బతుకుతుంది, ఎడ్లూ బతుకుతాయి. ఇరవై రెండేళ్లవాడు బురుజు పైన నిలబడి ఊరి ప్రాణాలను, తన ఎడ్లను ఒకే తక్కెడలో పెట్టాడు. పెట్టే హక్కు ఎవరిచ్చారు? పైమెట్టు ఇచ్చింది.

"సాయిలూ, డప్పు కొట్టు!" అన్నాను.

"మంటనా పటేలా?"

"మంటనే. మా కొట్టం. జల్ది కొట్టు!"

డప్పు తీసిన చప్పుడు వినబడింది. దెబ్బ పడలేదు. తర్వాత అతని గొంతు, నెమ్మదిగా:

"వాగు దిక్కు మోత ఇనవడ్తాంది పటేలా. లారీ గాదు గద? జర మంచిగ చూడు. కొమ్ము ఊదాల్నా?"

గోడ తప్ప ఏమీ కనబడని చోట కూర్చుని అతను విన్నాడు. అన్నీ కనబడే చోట నిలబడి నేను అన్నాను:

"చెప్పింది చెయ్‌రా! నాకే ఎదురు చెప్తున్నవా?"

రా అన్నాను. నా తండ్రి ఈడు మనిషిని. సంఘం ఏదీ, తీర్మానం ఏదీ, పాటలేవీ? మా తాత గొంతు నా నోట్లోంచి వచ్చింది. సాయిలు ఇంకేమీ అడగలేదు. ఆ గొంతు వింటే ఏం చేయాలో అతనికి పుట్టినప్పటి నుంచి నేర్పి ఉన్నాం. డప్పు మోగింది.

ఎంత బాగా మోగిందో! ఎండకు కాగిన తోలు. గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. చెల్కల నుంచి, బావుల దగ్గర నుంచి మనుషులు లేచారు. కుండలు, బిందెలు, గంపలు. కుమ్మరి రాజయ్య ఆవం దగ్గర ఆరబెట్టిన కొత్త కుండలు రెండు చేతుల్లో పట్టుకుని ఉరికొచ్చాడు. గుట్టలో దాగి ఉన్నవాళ్లు కూడా దిగి వచ్చారు, ఎందుకంటే అది కట్టుబాటు, మంటకు రానివాడు మనిషి కాదు. నర్సిం అందరికంటే ముందు ఉరుకుతున్నాడు. మా ఎడ్లను కట్టిన తలుగులు ఎట్లా ముడి వేసి ఉన్నాయో అతనికే తెలుసు.

లారీ ఇసుకలో దిగబడింది. నా లెక్క అంతవరకే నిజమైంది. వాళ్లు లారీని నెట్టలేదు. దాన్ని అక్కడే వదిలి తుపాకులు పట్టుకుని పరుగెత్తుకుంటూ వాగు దాటారు. అప్పుడు అరిచాను, "కొమ్ము ఊదు, కొమ్ము ఊదు" అని. సాయిలు ఊదాడు. ఊపిరి తెగేలా ఊదాడు. మంట దగ్గర అరుపుల్లో అది ఎవరికి వినబడింది? విన్నవాళ్లకు కూడా ఏం అర్థమైంది? రమ్మని పిలిచిన నోరే పొమ్మంటే కాళ్లు ఎటు పోతాయి?

నర్సిం మా ఎడ్లను బయటికి తోలాడు. తూటా తగిలేసరికి ఆఖరి తలుగు చేతిలోనే ఉంది. దాన్ని వదిలి పరుగెత్తే సమయం కూడా అతనికి దొరకలేదు. రాజయ్య బావి దగ్గర పడ్డాడు. కొత్త కుండలు పగిలాయి. ఇంకా కొంతమందిని కట్టి లారీ ఎక్కించుకుపోయారు, వాళ్లు తర్వాత ఎప్పుడో ఒళ్లు హూనమై తిరిగొచ్చారు. నేను బురుజు పైనే ఉన్నాను. గోడ చాటున వంగి ఉన్నాను. నన్ను ఎవరూ చూడలేదు.

మా ఎడ్లకు చిన్న గాయం కూడా కాలేదు.

సాయిలు మెట్లు దిగి పోవడం విన్నాను. కొద్దిసేపటికి లచ్చవ్వ ఏడుపు వినబడింది. ఆ ఏడుపు వింటూ నేను ఏం చేశాను? దిగి వెళ్లి ఆమె కాళ్లమీద పడ్డానా? లేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఇది రాస్తుంటే నా చేతిని నేనే విరగ్గొట్టాలనిపిస్తోంది.

అడిగారు. పాడెలు లేచిన తర్వాత, దళం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తాటివనంలో ఊరివాళ్లు గుమిగూడారు. లారీ వస్తుంటే డప్పు ఎందుకు మోగిందని అడిగాడు. అందరూ నావైపు చూశారు. మా బాపు కూడా. ఆయన ముఖం చూశాను. ఆయన ఎడ్లకోసం ఇద్దరు చచ్చారని ఆయనకు తెలిస్తే ఏమవుతాడో అనుకున్నాను. ఇదీ సాకే. నా ప్రాణం కోసం అనుకున్నాను, నా పేరు కోసం అనుకున్నాను.

"నేను కొమ్ము ఊదుమన్న. గాయిన డప్పు అందుకున్నడు" అన్నాను.

సాయిలు నేలమీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తాడు. నన్ను తిట్టలేదు. నేను చెప్పింది ఇదీ అని అరవలేదు. మెల్లగా అడిగాడు:

"గంతేనా పటేలా?"

నేను తల వంచుకున్నాను.

ఎవరో తాగి ఉన్నాడన్నారు. ఇంకెవరో పోలీసు క్యాంపువాళ్లకు అమ్ముడుపోయాడన్నారు. మంట కూడా వాడే పెట్టించాడని మరొకడు అన్నాడు. ఒక్కడంటే ఒక్కడు, అక్కడ కూర్చున్న అంతమందిలో ఒక్కడు, తన కొడుకును తానే చంపించుకుంటాడా అని అడగలేదు! అడిగితే నా అబద్ధం అక్కడికక్కడే కూలేది. అడగాల్సిన అవసరం వాళ్లకు కలగలేదు. పటేలు కొడుకు చెప్పాడు, డప్పు కొట్టేవాడు తప్పు చేశాడు. ఇంతకంటే సులువుగా నమ్మగలిగేది మా ఊళ్లో ఇంకేముంది? నా అబద్ధాన్ని నేను ఒక్కణ్ణే మోయలేదు. తరతరాలుగా చదును చేసి పెట్టిన దారిమీద దాన్ని వదిలాను, అదే నడిచిపోయింది. ఇది నా తప్పును తగ్గించడానికి రాయడం లేదు. ఆ దారి ఉందని నాకు తెలుసు కాబట్టే ఆ అబద్ధం ఎంచుకున్నాను.

డప్పు, కొమ్ము లాగేసుకుని ఊరు విడిచి పొమ్మన్నారు. కొడుకు మన్ను ఆరకముందే సాయిలు, లచ్చవ్వ మూట నెత్తిన పెట్టుకుని కల్వకుర్తి దిక్కు, ఆమె పుట్టింటి ఊరికి పోయారు. బురుజు పైన అప్పుడు కూడా నా వంతే. వాళ్లు వాగు దాటేదాకా కనబడుతూనే ఉన్నారు.

తర్వాత పోలీసు చర్య అయింది. పాత సర్కారు పోయింది. దొరికినవాళ్లకు దండలు వేశారు. ఆ దండలలో ఒకటి నా మెడలోనూ పడింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు ఒకసారి పనిమీద కల్వకుర్తి వెళ్లాను. బజార్లో సాయిలును చూశాను. బస్తాలు మోస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. అప్పుడే ఒక పెళ్లి ఊరేగింపు వచ్చింది, ముందు డప్పులు. సాయిలు బస్తా దించి, గోడవైపు తిరిగి, అవి దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. మనసు పెట్టి డప్పు కొట్టిన మనిషి! నేను దుకాణం చాటుకు తప్పుకున్నాను. నాలుగడుగులు వేస్తే అతని ముందుకు పోయేవాణ్ణి. వేయలేదు. బస్సెక్కి వచ్చేశాను. బురుజు పైన చేసింది ఒక పొరపాటు లెక్క అని ఎవరైనా అనొచ్చు. ఆ బజార్లో చేసినదాన్ని ఏమంటారు?

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఊరికి వెళ్లాను. బస్సు దిగి చాయ్ హోటల్ ముందు కూర్చున్నాను. ఇద్దరు పడుచు పిల్లగాళ్లు ఏదో మాటకు గొడవపడుతున్నారు.

"నిన్ను నమ్మితే గంతేరా, నీది సాయిలు డప్పు!" అన్నాడొకడు.

అందరూ నవ్వారు. సాయిలు ఎవరని ఆ పిల్లవాణ్ణి అడిగాను.

"ఏమో సారూ, మా ఊర్ల గట్లనే అంటరు. నమ్మించి గొంతు కోసేటోన్ని."

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. చాయ్ ఒలికింది. మా చిన్నాయన అక్కడే ఉన్నాడు, రాజయ్య తమ్ముడు ఉన్నాడు, నా ఈడువాళ్లు ఇంకొందరున్నారు. అందరి ముందూ చెప్పాను. లారీని చూశానని, డప్పు కొట్టమన్నది నేనేనని, సాయిలు కొమ్ము ఊదాల్నా అని అడిగాడని, నేను అబద్ధం చెప్పానని.

కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

మా చిన్నాయన నా భుజంమీద చేయి వేశాడు. "ఊకో బిడ్డా. అప్పుడు నువ్వెంత, నీ వయసెంత? కండ్ల ముందట ఎడ్లు కాలుతుంటే ఎవడైనా గంతే చేస్తడు."

"చిన్నాయనా, మనుషులు సచ్చిండ్రు."

"ఎప్పటి ముచ్చట రా అది! సాయిలు గూడ పోయిండట గద. ఇగ ఎవనికి ఫికర్? కూసో, ఇంకో చాయ్ తాగు."

మిగతావాళ్లు తలలు ఊపారు. ఒకడు నా మంచితనాన్ని మెచ్చుకున్నాడు కూడా, ఇన్నేళ్లకైనా చెప్పాలనిపించింది చూడు అని. రాజయ్య తమ్ముడు మాత్రం సగం తాగిన చాయ్ గ్లాసు బల్లమీద పెట్టి, నావైపు చూడకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో ఆరోజు నాకు మర్యాద చేసింది అతను ఒక్కడే.

నన్ను అంత చప్పున క్షమించడానికి వీళ్లెవరు? సాయిలు మీద ఒక్క క్షణంలో నేరం మోపారు, నామీది నేరం ఒక్క చాయ్‌తో కడిగారు. రెండింటికీ ఒకటే కారణం. సాయిలుకు చాయ్ పోసి, అప్పుడు నీ కొడుకు పోయాడు, నీకేం తెలుస్తుంది పాపం అని ఎవరైనా అన్నారా? నాకు వాళ్ల క్షమ వద్దు. అది వాళ్లు ఇవ్వాల్సింది కాదు. ఇవ్వాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు. లచ్చవ్వ ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే వెతుక్కుంటూ వెళతాను. ఆమె తలుపు వేసుకుంటే బయట నిలబడతాను. ఆమె క్షమించాలని అడగను. అడగడం కూడా ఆమె మీద ఇంకో పని పెట్టడమే.

తిరిగి బస్సెక్కుతుంటే ఆ పిల్లగాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అంతా విన్నవాళ్లే. ఒకడు ఇంకొకణ్ణి చూసి నవ్వుతూ మళ్లీ అన్నాడు, "పోరా, సాయిలు డప్పు!"

అందుకే కాగితంమీద పెడుతున్నాను. నోటిమాట ఆ ఊళ్లో ఎటు పోతుందో చూశాను కదా. అచ్చులో ఉంటే ఎవరైనా ఒకరు ఆ పిల్లవాడికి చదివి వినిపించొచ్చు. లారీ మోత విన్నవాడు సాయిలు. కొమ్ము ఊదుతానన్నవాడు సాయిలు. లారీని కళ్లారా చూసి డప్పు కొట్టమన్నవాణ్ణి నేను. నమ్మించి గొంతు కోసినవాడికి ఆ ఊళ్లో పేరు పెట్టుకోవాలంటే నా పేరు పెట్టుకోండి. ఇక్కడ రాయలేదు కానీ మీ అందరికీ తెలుసు.

గొంతు ఇప్పుడు ఖాళీగా ఉంది. దాన్ని సుఖం అనలేను. ఊపిరి ఆడుతోంది, అంతే.

గంతేనా పటేలా అని అడిగినవు సాయిలూ. గంతే కాదు. గిది మిగిలింది. ఇయ్యాల చెప్పిన.